అరువు నోరు

ఆ రోజు పొద్దున ఇంట్లో ఆరుగురం ఉన్నాం. నానమ్మ వరండాలో గోడకి వీపు ఆనించి వల అల్లుతోంది. అమ్మ వంటింట్లో అన్నం డబ్బాలు సర్దుతోంది. నాన్న మెట్ల మీద కూర్చుని చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నాడు. బాబాయి పెరట్లో మొహం కడుక్కుంటూ, నోటినిండా నీళ్లు పెట్టుకునే ఏదో పాట పాడాలని చూస్తున్నాడు. పిన్ని తన గదిలో కుట్టుమిషను ముందు ఉంది. ఆ గది తలుపు తెరిచి ఉంది. అది ఎప్పుడూ తెరిచే ఉండేది. ఆరో మనిషిని నేను, వరండా చివర నాన్న డైవింగు సామాను ముందు మఠం వేసుకుని కూర్చున్నాను.

ఆ పొద్దున ఎవరు ఎక్కడ ఉన్నారో డైరీలో ఆ రోజు రాయలేదు. రాయాల్సిన సంగతని అప్పుడు తెలియదు. తర్వాత రాసుకున్నాను, ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుని.

ఆ ఎండాకాలం నా పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఫలితాలు రావాలి. చేయడానికి పనేమీ లేదని నాన్న నాకు సామాను పని అప్పగించాడు. సాయంత్రం నాన్న, బాబాయి తిరిగి రాగానే వాళ్ల ముసుగులు, గొట్టాలు, బెల్టులు మంచినీళ్లతో కడగాలి, నీడలో ఆరబెట్టాలి, పొద్దున్నే అన్నీ సరిగ్గా బిగించి ఇవ్వాలి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. నాకు నచ్చింది.

మా ఒడ్డు నుంచి పావుగంట పడవలో వెళ్తే సముద్రంలో చేపలు పెంచే వల పంజరాలు ఉంటాయి. ఒక్కొక్కటి మా స్కూలు ఆటస్థలమంత గుండ్రంగా ఉంటుంది. వేసవిలో నీళ్లు వేడెక్కితే లోపలి చేపలు కొన్ని చచ్చిపోయి అడుక్కి చేరతాయి. వాటి కోసం బయటి పెద్ద చేపలు వచ్చి వల కొరుకుతాయి. ఆ చిరుగులు కుట్టడమే నాన్న, బాబాయి పని. వీపున గాలి సిలిండరు, నోట్లో దాని గొట్టం చివర ఉండే రెగ్యులేటరు పెట్టుకుని అరవై అడుగుల లోతుకి దిగి, సూదీ దారంతో కుట్టి వచ్చేవాళ్లు.

"మొగుడూ పెళ్లాం ఇద్దరమూ దర్జీలమే. ఆమె ఒడ్డున, నేను నీళ్లలో. తేడా ఏంటంటే నా కుట్టు వంకరపోయినా చేపలు తిరిగి ఇవ్వవు" అనేవాడు బాబాయి.

"వంకరపోతుందని ఒప్పుకున్నావు కదా, అది చాలు" అనేది పిన్ని.

పిన్ని మా ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది. ఇంట్లో నేను నోరు విప్పి మాట్లాడేది ఆమెతోనే. మాట్లాడటం కూడా ఆమే నేర్పింది అనాలి. రోజూ నాకు జడ వేస్తూ, మధ్యలో దువ్వెన ఆపేసేది. "ఒక వాక్యం చెప్పు. మొదలు నుంచి చివరి దాకా. సగం మింగేస్తే సగం జడే" అనేది. నిజంగానే ఒకరోజు సగం జడతో వదిలేసింది. బాబాయి నాకు గుసగుస అని పేరు పెట్టాడు. వినిపించీ వినిపించకుండా మాట్లాడతానని.

వేసవి మొదట్లో కంపెనీవాళ్లు ఒక ట్రైనింగు మాస్టారిని పంపించారు. రేవు దగ్గరి షెడ్డులో పాఠం. సామాను కడిగేవాళ్లు కూడా రావాలన్నారని నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. మాస్టారు బక్కగా, మెడ పొడుగ్గా ఉన్నాడు. డైవరు సామాను మొత్తం ఒక కుర్చీకి తొడిగి, దాని ముందు నిలబడి చెప్పాడు. ఒక్కో సిలిండరుకి రెండు రెగ్యులేటర్లు ఉంటాయి. నల్లది నోట్లో ఉండేది. రెండోది పసుపుపచ్చది.

"ఈ పసుపుది ఎవరిది?" అని అడిగాడు.

"కట్టుకున్నవాడిది" అన్నాడు నాన్న.

"కాదు. పక్కవాడిది. వాడికి గాలి అయిపోయినప్పుడు వాడు మీ దగ్గరికి వచ్చి తీసుకునేది. అందుకే ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. గడ్డానికి, పక్కటెముకల చివరికి మధ్య, ఇదిగో ఈ ముక్కోణంలో. వేలాడితే ఇసుక పోతుంది, వలకి తగులుకుంటుంది. అలాగని బిగించి కట్టేశారనుకోండి, అది ఉన్నా లేనట్టే. గాలి లేనివాడు బతిమాలడు, తాపీగా ముడులు విప్పడు. ఒక్కసారి లాగుతాడు. ఆ ఒక్క లాగుడుకి ఊడి రావాలి."

కుర్చీ రొమ్ము మీద మెత్తటి రబ్బరు రింగులో పసుపుది ఇమిడి ఉంది. మాస్టారు రెండు వేళ్లతో లాగాడు. చిక్కుడుగింజ తొక్కలోంచి జారినట్టు వచ్చేసింది.

"దిగేముందు రోజూ ఒకరిది ఒకరు ఇలా లాగి చూసుకోవాలి."

"మా అన్నయ్య దగ్గర ఏదీ ఒక్క లాగుడుకి రాదు సార్. బీడీ అడిగినా మూడుసార్లు అడగాలి" అన్నాడు బాబాయి. షెడ్డంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు.

మాస్టారు చెప్పిన మాటలన్నీ డైరీలో రాసుకున్నాను. ఇంటికి వచ్చాక బాబాయి నానమ్మకి పసుపుది చూపించి, అది ఎందుకో చెప్పాడు. నానమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే ఇది అరువు నోరన్నమాట" అంది. "ఇదేదో మన గుసగుసకి కూడా ఒకటి కొనండిరా."

అప్పటి నుంచి ఇంట్లో అందరికీ అది అరువు నోరే.

మొదటి వారం నాన్న, బాబాయి రోజూ ఒకరిది ఒకరు లాగి చూసుకున్నారు. తర్వాత మానేశారు. ఏడేళ్లుగా ఆ పని చేస్తున్నారు, ఒక్కసారి కూడా ఎవరూ పక్కవాడిది నోట్లో పెట్టుకున్నది లేదు. ఎండకి, ఉప్పునీళ్లకి రబ్బరు రింగు నలభై రోజులు ఆగింది. బాబాయిది ఇంకా బాగానే ఉంది. నాన్నది ఒకరోజు కడుగుతుంటే నా చేతిలోనే రెండు ముక్కలైంది. నాన్న ఆఫీసులో కొత్తది అడిగాడు. వస్తుంది అన్నారు.

అది రాకముందే ఆ సంగతి జరిగింది. నేను అన్నం డబ్బాలు తీసుకుని తెప్ప మీదికి వెళ్లాను. పంజరాల మధ్య తేలే చెక్క వేదికని మేం తెప్ప అంటాం. నాన్న అప్పుడే పైకి వచ్చాడు. కింద వేలాడుతున్న పసుపుది వల కంతలో ఇరుక్కుపోయిందట. ఆయన చూసుకోకుండా ముందుకి కదిలేసరికి, కుట్టిన చోటే మూరెడు చిరిగింది. బాబాయి మళ్లీ కుట్టేలోపు చాలా చేపలు పోయాయి. సూపర్‌వైజరుని అందరూ ఈల అంటారు, మెడలో ఎప్పుడూ ఈల ఉంటుందని. ఆయన తెప్ప చివర నిలబడి, అందరూ వినేలా నాన్నని అడిగాడు.

"వల కుట్టమని జీతం ఇస్తుంటే చింపుతున్నావా? రేపటి నుంచి చేపలే నిన్ను కుట్టాలా?"

తెప్ప మీది మనుషులు నవ్వారు. నాన్న కాళ్లకున్న రబ్బరు ఫిన్స్ విప్పుకుంటూ ఉండిపోయాడు. నేను అక్కడ ఉన్నానని చూశాడు. ఆ సాయంత్రం అన్నం నాకు వీపు తిప్పి కూర్చుని తిన్నాడు.

ఆ మర్నాటి పొద్దునే నేను మొదట చెప్పిన పొద్దున.

"దాన్ని ఇవాళ్టికి దేనితోనైనా కట్టెయ్యి" అన్నాడు నాన్న మెట్ల మీద నుంచి, నా వైపు తిరగకుండానే. "ఎక్కడా వేలాడకూడదు. ఇంకోసారి వలకి తగిలిందంటే ఆ ఈలగాడి ముందు నేను నిలబడలేను."

మాస్టారి మాట నాకు గుర్తు రాలేదని రాస్తే అది అబద్ధం. గుర్తొచ్చింది. ముక్కోణం గుర్తొచ్చింది, చిక్కుడుగింజ గుర్తొచ్చింది. "నాన్నా, బిగించి కట్టకూడదన్నారు కదా" అనే వాక్యం మొదలు నుంచి చివరి దాకా నా నోట్లో తయారైంది. నాన్న వీపు వైపు చూశాను. నిన్నటి నుంచి ఆ వీపు అలాగే ఉంది. వాక్యం మింగేశాను.

పిన్ని గదిలోకి వెళ్లి, చేతులతో కొలత చూపించాను.

"చేత్తో కాదమ్మా, నోటితో."

"జానెడు తాడు కావాలి పిన్నీ. గట్టిది."

"అదీ." నానమ్మ నైలాను తాడు ఉండలోంచి జానెడు తీసి తన పెద్ద కత్తెరతో కత్తిరించింది. కొసలు పీచు లేవకుండా అగ్గిపుల్ల వెలిగించి కాల్చింది. కరిగిన చుక్క ఒకటి బొటనవేలి మీద పడితే, చురుక్కుమని వేలు నోట్లో పెట్టుకుంది. "దేనికే?"

"నాన్న సామానుకి."

"జాగ్రత్త, కొస ఇంకా వేడిగా ఉంది" అంది.

నేను పసుపుదాన్ని నాన్న రొమ్ము పట్టీకి ఆనించి తాడు చుట్టాను. నానమ్మ వల పక్కన పెట్టి వంగి చూసింది.

"ఆడుకునే ముడి వేస్తావేంటే. ఇంకో మెలిక వెయ్యి. కిందనుంచి తీసుకురా. ఆఁ, అదీ. మా అమ్మ వేసే వల ముడి. ఎండలో వదులుగా కనిపిస్తుంది గానీ, తడిసిందంటే దేవుడొచ్చినా విప్పలేడు."

బాబాయి తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటి గుసగుసా, మీ నాన్నని పార్సిలు కడుతున్నావా? అడ్రసు సరిగ్గా రాయి."

నాన్న లేచి వచ్చి పసుపుదాన్ని పట్టుకుని కదిపి చూశాడు. అది కదల్లేదు. "గట్టిగా ఉంది. బాగుంది" అన్నాడు. నాన్న నా పనిని బాగుంది అనడం అరుదు. వాళ్లు వెళ్లగానే డైరీలో ఆ మాటే రాశాను. ఆ పేజీలో ఇంకేమీ లేదు.

వెళ్తూ వెళ్తూ బాబాయి నా జడ లాగాడు. "సాయంత్రానికి నా కోసం రెండు వాక్యాలు దాచి ఉంచు."

మధ్యాహ్నం అన్నం డబ్బాలు తీసుకుని తెప్ప మీదికి వెళ్లాను. ఈల గొడుగు కింద కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. నాన్న, బాబాయి కింద ఉన్నారు. నీళ్ల మీద రెండు చోట్ల బుడగలు వస్తున్నాయి. ఏవి ఎవరివో నాకు తెలుసు. నాన్న బుడగలు ఒక లెక్కగా వస్తాయి. బాబాయి నీళ్ల కింద కూడా పాడుతాడు కాబట్టి ఆయనవి చిన్నా పెద్దా కలిసి వస్తాయి. నేను చెక్క అంచున కూర్చుని వాటినే చూస్తున్నాను.

బాబాయి బుడగలు ఆగాయి. పాట మారుస్తున్నాడేమో అనుకున్నాను.

తర్వాత నాన్న బుడగలు ఉన్నట్టుండి చెదిరిపోయాయి, చాలా పెద్దవి, ఒకదాని మీద ఒకటి. అంతలో బాబాయి నడుము దాకా నీళ్లలోంచి పైకి లేచాడు. ముసుగు లేదు. కళ్లు తెరిచి ఉన్నాయి. నోరు గట్టిగా మూసుకుని ఉంది. ఆయన నోరు మూసుకుని ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. అలాగే బోర్లా పడ్డాడు.

ఈల లేచి ఈల ఊదాడు. ఇద్దరు మనుషులు దూకారు. బాబాయిని తెప్ప మీదికి లాగుతుండగా నాన్న పైకి వచ్చాడు. నిచ్చెన పట్టుకుని ఎక్కాడు, ఎవరూ చెయ్యి అందించలేదు, అందరూ బాబాయి మీద వంగి ఉన్నారు. బాబాయి నోటి పక్క నుంచి ఎర్రటి నురగ వచ్చింది. నాన్న ఒకసారి అటు చూశాడు. ఒకసారి తన రొమ్ము వైపు చూసుకున్నాడు. పసుపుది నేను పొద్దున కట్టినట్టే ఉంది. తాడు తడిసి నల్లగా, సన్నగా అయిపోయింది.

నాన్న కాలి పట్టీలోంచి కత్తి తీసి తాడు కోశాడు. పసుపుది కిందికి జారి వేలాడింది. తాడు ముక్కని గుప్పిట్లో పెట్టుకుని, చెయ్యి వెనక్కి పెట్టి, నీళ్లలో వదిలేశాడు. తల ఎత్తితే నేను కనిపించాను. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. తర్వాత ఆయన బాబాయి దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

పడవ రేవుకి చేరేలోపే అయిపోయింది. ఊపిరి బిగబట్టి అంత లోతు నుంచి అంత వేగంగా పైకి వస్తే ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు చెప్పాడు. సిలిండరులో గాలి ఎంత ఉందో చూపించే బాబాయి గేజు ముల్లు సగం దగ్గరే ఇరుక్కుపోయిందని, గాలి సగం ఉందనే ఆయన అనుకున్నాడని తర్వాత తేలింది.

వారం తర్వాత కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. ఈల కూడా వచ్చాడు, మెడలో ఈల లేకుండా. ముందు గదిలో కూర్చున్నారు. నాన్న వాళ్లకి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. అమ్మ, పిన్ని, నానమ్మ గోడ పక్కన నేల మీద ఉన్నారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"ఆయన మీ దగ్గరికి వచ్చాడా?"

"వచ్చాడు. గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడించాడు. గాలి లేదని."

"మీ రెండో రెగ్యులేటరు ఎక్కడ ఉంది?"

"కిందికి వేలాడుతోంది."

అవునని ఈల తల ఊపాడు. తెప్ప మీద వేలాడుతుండగా తనూ చూశాడు. "రింగు తెగిందని అడిగాడండి. స్టోర్సులో లేవు" అన్నాడు.

"వేలాడుతుంటే అందుతుంది కదా. మరి ఆయన ఎందుకు తీసుకోలేకపోయాడు?"

అప్పుడు నేను తలుపు వెనక నుంచి రెండడుగులు వేస్తే చాలు. ఒక వాక్యం చాలు. నేను తలుపు వెనకే ఉండిపోయాను.

"నేను ఇవ్వలేదు" అన్నాడు నాన్న. "చెయ్యి అడ్డం పెట్టాను. నాకు భయం వేసింది. నా గాలి కూడా అయిపోతుందేమో అనుకున్నాను."

వచ్చినవాళ్లలో ఒకాయన రాయడం ఆపి నాన్న వైపు చూశాడు. మళ్లీ రాసుకున్నాడు. ఆ కాగితం మీద నాన్న సంతకం పెట్టాడు. వాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ స్టూలు మీదే కూర్చున్నాడు.

పిన్ని లేచి ఆయన ముందుకి వచ్చి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు.

"ఒక్క గుక్క ఇస్తే తరిగిపోయేవారా బావగారూ?"

నాన్న తల వంచుకున్నాడు.

"రెండు గుక్కలు కూడా అడిగేవాడు కాదు. ఆయనకి మీరంటే ఎంత ఇదో మీకు తెలుసు."

"తెలుసు" అన్నాడు నాన్న.

పిన్ని తన గదిలోకి వెళ్లింది. తలుపు మాత్రం తెరిచే ఉంది. ఆ తర్వాత ఆమె నాన్న ఉన్న చోటికి రాలేదు, నాన్న తాకిన గ్లాసు ముట్టుకోలేదు. నాతో మాత్రం మామూలుగా ఉండాలని ప్రయత్నించేది. జడ వేసేది. వాక్యం అడిగేది కాదు.

నాన్నతో జతగా నీళ్లలోకి దిగడానికి ఎవరూ ఒప్పుకోలేదు. "సొంత తమ్ముడికే ఇవ్వనివాడు మనకిస్తాడా?" అని రేవులో అనుకునేవాళ్లు, ఆయన పక్క నుంచి వెళ్తున్నా గొంతు తగ్గించేవాళ్లు కాదు. కంపెనీ ఆయన్ని ఐసు షెడ్డులో వేసింది. రోజంతా ఐసు దిమ్మలు ఈడ్చి, సాయంత్రం చేతులు తెల్లగా పాలిపోయి ఇంటికి వచ్చేవాడు. అమ్మ ఒకటి రెండుసార్లు ఆయన పక్కన కూర్చుని "నాతోనైనా చెప్పండి, నిజంగా అలాగే జరిగిందా?" అని అడిగింది. "అలాగే జరిగింది" అన్నాడు. ఆ తర్వాత అమ్మ కూడా ఆయనకి కంచం పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోయేది.

నానమ్మ ఒక్కతే ఆయన దగ్గర కూర్చునేది. ఆయన తిన్నంతసేపూ కూర్చుని, కంచంలో నీళ్లు పోసేదాకా కదిలేది కాదు. "ఎంతైనా కన్నకొడుకు కదా, అది తల్లి పేగు" అన్నారు చుట్టుపక్కలవాళ్లు. వాళ్లకి తెలియంది ఏంటంటే, ఆ పొద్దున తర్వాత నానమ్మ మళ్లీ వల ముట్టుకోలేదు. అల్లడం ఆపిన చోట దబ్బనం అలాగే వేలాడుతూ ఉండిపోయింది. ఒకరోజు నేను దాన్ని తీసి చుట్టబోతే "ముడి జోలికి వెళ్లకు" అంది. నా వైపు చూడకుండా అంది.

నాన్న నాతో మాట్లాడింది ఒక్కసారే. ఒక సాయంత్రం పెరట్లో, సామాను కడిగే తొట్టి దగ్గర. కడగడానికి ఏమీ లేకపోయినా అలవాటుగా నేను అక్కడ కూర్చుని ఉన్నాను. ఆయన వచ్చి తొట్టి అంచున కూర్చున్నాడు.

"నేను నా నోట్లోది తీసి ఇవ్వబోయాను" అన్నాడు. "అప్పటికే వాడు మూడుసార్లు లాగాడు, ఆ పసుపుదాన్ని. రెండు చేతులతో లాగాడు. అది రాకపోయేసరికి నా మొహం వైపు చూశాడు. నేను నాది తీసి ఇచ్చేలోపు వదిలేసి పైకి వెళ్లిపోయాడు."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన చెప్పడం ఆపేస్తాడని.

"రింగు తేవాల్సింది నేను. కట్టమన్నది నేను. దిగేముందు లాగి చూడాల్సింది కూడా నేనే. నీకు ఇందులో ఏమీ లేదు."

"నాన్నా, నాకు గుర్తుంది. మాస్టారు చెప్పింది. నేను..."

"తెలుసు. ఆ మాట నాకూ గుర్తుంది" అన్నాడు. "మీ పిన్నికి చెప్పకు. ఆమెకి కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ ఒక్కడు చాలు."

లేచి వెళ్తూ నా తల మీద చెయ్యి వేశాడు. ఐసు మోసిన చెయ్యి, చల్లగా ఉంది.

ఫలితాలు వచ్చాయి. నేను పాసయ్యాను. స్కూలు గోడ మీద అంటించిన కాగితంలో నా నంబరు నేనే చూసుకుని వచ్చాను. ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు డైరీ తీస్తే ట్రైనింగు రోజు రాసింది కనిపించింది. నీట్‌గా, గుండ్రటి అక్షరాలతో, కింద గీతలు గీసి మరీ రాసుకున్నాను. ఒక్క లాగుడుకి ఊడి రావాలి. దాని తర్వాత కొన్ని పేజీలు తిప్పితే, నాన్న బాగుంది అన్నాడు.

ఆ రెండు పేజీలూ చించి మడిచి దగ్గర పెట్టుకున్నాను. మూడు రోజులు నాతోనే ఉన్నాయి.

మొదటి వాన పడిన మధ్యాహ్నం, నాన్న వానలో తడుస్తూ ఇంటికి వచ్చాడు. వరండాలో పిన్ని ఎదురైంది. ఆయన తప్పుకుందామని గోడకి అతుక్కుపోయాడు. సొంత ఇంట్లో, గోడకి. పిన్ని కొంగు ఆయనకి తగలకుండా పక్కకి లాక్కుని వెళ్లిపోయింది. ఆయన తల నుంచి నీళ్లు కారుతున్నాయి. తువ్వాలు అడగకుండా అలాగే పెరట్లోకి నడిచాడు.

నేను పిన్ని గది గుమ్మం దగ్గరికి వెళ్లాను. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది, కుట్టడం లేదు. బాబాయి డైవింగు సూటు మోకాలి దగ్గర తను వేసిన మాసిక మీద వేలితో రాస్తోంది.

"పిన్నీ."

"రా."

"నాన్న చెయ్యి అడ్డం పెట్టలేదు."

ఆమె తల ఎత్తింది. నేను ఆగిపోయాను. పిన్ని ఎదురుచూసింది. చాలా రోజుల తర్వాత పాత గొంతుతో అంది.

"మొదలు నుంచి చివరి దాకా చెప్పు."

చెప్పాను. రింగు నా చేతిలో రెండు ముక్కలైన దగ్గర మొదలుపెట్టాను. ఈల అన్న మాట, నాన్న వీపు, నేను మింగేసిన వాక్యం, వల ముడి, బాబాయి మూడుసార్లు లాగడం, నాన్న కత్తి, నీళ్లలో వదిలేసిన తాడు ముక్క. ఒక్క వాక్యం కూడా సగంలో మింగలేదు. నా జన్మలో అంతసేపు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. మడిచిన పేజీలు ఇచ్చాను. ఆమె చదవలేదు, ఒళ్లో పెట్టుకుంది.

ఇప్పుడు ఆమె లేస్తుందని, పెరట్లోకి వెళ్లి నాన్నకి తువ్వాలు ఇస్తుందని అనుకున్నాను. నన్ను కొడుతుందని కూడా అనుకున్నాను. దానికి సిద్ధంగానే ఉన్నాను.

"తాడు ఎక్కడిది?" అంది.

"జానెడు" అంది తనే. బొటనవేలు తిప్పి చూసుకుంది. కాలిన చోట మచ్చ ఇంకా ఉంది, ఆవగింజంత, గోధుమరంగులో. "కొసలు కాల్చి ఇచ్చాను కదూ. విడిపోకుండా."

"నీకు తెలియదు కదా పిన్నీ. నేను చెప్పలేదు. నాన్న సామానుకి అని మాత్రమే చెప్పాను."

"అవును. అదే చెప్పావు."

ఆమె చూపు మిషను మీది పెద్ద కత్తెర మీద ఆగింది. దాన్ని తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసింది. సూటు మడిచి మంచం మీద పెట్టింది. నా పేజీలు నా చేతికి ఇచ్చింది.

"బావగారికి తెలుసా? తాడు నేను ఇచ్చానని?"

"తెలుసు. అప్పుడు మెట్ల మీదే ఉన్నాడు."

ఆమె తల ఊపింది. నెమ్మదిగా, అర్థమైందన్నట్టు, రెండుసార్లు. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చింది. నా జడ ముందుకి పడి ఉంటే తీసి వెనక్కి వేసింది. ఆ చేత్తోనే నా భుజం పట్టుకుని, నన్ను గుమ్మం దాటించింది.

"పిన్నీ" అన్నాను.

ఆ తలుపు ఎప్పుడూ వేయకపోవడం వల్ల చెమ్మకి ఉబ్బి ఉంది. ఒక్కసారికి పడలేదు. ఆమె లోపలి నుంచి రెండు చేతులతో నెట్టింది. తలుపు పడింది. గడియ పెట్టింది.